బాటసారి పొదుపు



పొదుపు అనగానే మనకు ఇంటి పొదుపే జ్ఞప్తికి వచ్చును. గాదెలోని గింజను, దీపములోని నూనెను, పెట్టెలోని రొక్కమును జాగ్రత్తపెట్టు విధమును గూర్చి చెప్పువారు అనేకులు కలరు. నేను ఈ సాయంకాలము మనవిచేయదలచినది ఇల్లు విడిచి బాట పట్టినవాని పొదుపును గూర్చి. ఇంటివానికి గోడయు, తలుపును, గాదెయు, నుయ్యియు కలవు. బాటసారికి వీనిలో నొక్కటియు లేదు. అయినను నెలలతరబడి చేత రొక్కము లేకయే జీవించి, ఎవరికిని బాకీపడక తిరిగి యిల్లు చేరినవారు మన కృష్ణ దిగువసీమలో తరతరములుగా నున్నారు. వారి విద్య యెట్టిది? అది దేనిని నమ్ముకొని నిలిచినది? దానికి నేడు వచ్చిన చిక్కు ఏమి? ఈ మూడింటిని క్రమముగా చెప్పెదను.

మొదట సీమ స్వభావమును చూడుడు. గుడివాడ ప్రాంతము వరికిని, వరి కోసిన మాగాణిలో చల్లెడు మినుమునకును పేరుపడినది. బందరు తీరము ఉప్పునకును చేపకును పుట్టినిల్లు. దివిసీమ పులిగడ్డవద్ద రెండుగా చీలిన కృష్ణపాయలకును సముద్రమునకును నడుమ నున్న గడ్డ; అచ్చట తాటిచెట్టు, లంకమేత, ఎండుచేప సమృద్ధి. ఉప్పు పండుచోట వరి పండదు. వరి పండుచోట ఉప్పు పుట్టదు. ఒకరికి మిగులైనది మరియొకరికి కొరత. ఈ రెంటిని కలుపువాడే బాటసారి. వస్తువునకు వస్తువు మార్చుకొనుట అనాగరికుల పద్ధతి యని కొందరు తలతురు. నిజమునకు అది ఈ భూమి తానే నేర్పిన పద్ధతి.

ఇది నేటి మాట కాదు. బందరు గోలకొండ సుల్తానులకు రేవుపట్టణముగా నున్న కాలమున, పదునేడవ శతాబ్దిలో, తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు మన దేశమున పలుమారులు సంచరించెను. గోలకొండనుండి బందరునకు పోవు బాట అతడు నడచిన బాటయే. పదివేలు, పండ్రెండువేలు ఎద్దులు గల బిడారులను చూచితినని అతడు వ్రాసియున్నాడు. ఆ బిడారులవారు ఇండ్లలో నివసింపరనియు, ఆలుబిడ్డలతో గుడారములలోనే యుందురనియు, వారిలో నాలుగు తెగలు కలవనియు, ధాన్యము, బియ్యము, పప్పుదినుసులు, ఉప్పు అను నాలుగు సరకులలో ఒక్కొక్క తెగ ఒక్కొక్కదానినే మోయుననియు అతడు చెప్పెను. సన్నని బాటలో ఆ యెద్దుల వరుస యెదురైనచో ఇతర ప్రయాణికులు రెండు మూడు దినములైనను ఆగవలసి వచ్చెడిదట. ఈ మహాసంచారమంతయు సత్రములు లేకయే, చెట్టునీడను, చెరువునీటిని నమ్ముకొని సాగినది.

బిడారుల తరువాత మన గ్రామములకు చిరపరిచితులు ఎరుకలవారు. వారిలో ఉప్పు మోయువారిని ఉప్పు ఎరుకలవారనియు, కరివేపాకు అమ్మువారిని కరివేపాకు ఎరుకలవారనియు పిలిచెడివారు. తీరమున ఉప్పు పుచ్చుకొని గాడిదలపై వేసి మెట్టప్రాంతములకు పోయి, అచ్చటి ధాన్యమును పుచ్చుకొని వచ్చుట వారి వృత్తి. ఇందలి మర్మమును గమనింపుడు. పోవునపుడు ఉప్పు, వచ్చునపుడు గింజ. గాడిద ఏనాడును ఒట్టిచేతులతో నడువలేదు. బాటసారి పొదుపులో మొదటి సూత్రమిదియే: అడుగు వృథా కారాదు. తిండి తగ్గించుకొనుట రెండవ సంగతి. తిరుగుదారిని ఫలింపజేయుట మొదటిది.

మా ఊరు గుడివాడకు దాపున నున్నది. 1956 వేసవిలో, నాకు పండ్రెండేండ్ల ప్రాయమున, మా మేనమామగారు ధాన్యమును మినుములను బండికెత్తి దివిసీమకు బయలుదేరుచు నన్ను వెంట తీసికొనిపోయిరి. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డకును, అటనుండి తీరమునకును పోయితిమి. తిరిగి బందరు వచ్చి పెడన, గుడ్లవల్లేరు దారిని ఇల్లు చేరితిమి. రోజునకు ఐదారు క్రోసులకంటె ఎద్దులను నడిపింపలేదు. మొత్తము పదునారు దినములు. ఆ పదునారు దినములలో రొక్కముగా వెచ్చపడినది రేవున బల్లకట్టు కూలియు, ఇరుసునకు కందెనయు, ఒక యెద్దునకు నాడాలు వేయించిన కూలియు మాత్రమే. అన్నియు కలిపి మూడు రూపాయలు దాటలేదు. తక్కినదంతయు గింజతోనే గడచినది. ఆ పద్ధతిని కొంచెము వివరించెదను. ఏలయనగా వినువారిలో బండిప్రయాణము తెలిసిన పెద్దలు కలరు, తెలియని మనుమలును కలరు.

భోజనము. దినమున కొక్కసారియే, సాయంకాలము, పొయ్యి రాజవేయుట. మూడు రాళ్లు చాలును. బండి క్రింద వ్రేలాడు గోనెలో పిడకలు ఇంటినుండి వచ్చినవి. దారిలో రాలిన తాటిమట్టలు వానికి తోడు. రాత్రి వేడియన్నము, మిగిలిన అన్నములో నీరుపోసి యుంచిన ప్రొద్దున చద్ది. దానికి ఉల్లిపాయ, గోంగూరపచ్చడి. బియ్యము కడిగిన నీరును, గంజియు తవుడుతో కలిసి ఎద్దులకు కుడితియయ్యెను. ఇంటినుండి తెచ్చిన గడ్డి రాత్రి మాకు పరుపు, తెల్లవారి ఎద్దులకు మేత. ఒకే వస్తువు రెండు పనులు చేయనిచో దానికి బండిలో చోటు లేదని మా మేనమామగారు చెప్పెడివారు.

నీరు. ఇది తీరప్రాంతమున మిక్కిలి కష్టమైన సంగతి. వేసవిలో కాలువలు కట్టివేయుదురు. అప్పుడు గ్రామపు చెరువే దిక్కు. సముద్రము దగ్గరపడిన కొలది నూతినీరు ఉప్పన. అచ్చటివారు ఇసుకదిబ్బలలో చెలమలు త్రవ్వుకొందురు. వాననీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటిమీద తేలియుండును. కావున మోకాటిలోతున మంచినీరు దొరకినచోట, ఆశపడి ఇంకను లోతునకు త్రవ్విన ఉప్పునీరు పైకి వచ్చును. చెలమను లోతుచేయక వెడల్పుచేయవలెను. చెంబుతో మెల్లగా ముంచుకొని, ఊరువరకు ఆగవలెను. మితముగా పుచ్చుకొన్నవానికే నీరు మిగులునని ఆ చెలమ నేర్పుచున్నది. త్రాగెడు నీరు కాచి చల్లార్చుట పొయ్యి ఆర్పుటకు ముందు చేయవలసిన చివరిపని. పూర్వము తిరునాళ్లదారులలో విషూచి ఎన్ని బండ్లను దుఃఖముతో ఇంటికి మరలించినదో పెద్దలెరుగుదురు.

బస. ఊరు చేరగానే మా మేనమామగారు మొదట బండి విప్పలేదు. తలారిని గాని, పెద్దకాపును గాని కనుగొని, మేమెందరము, ఏ యూరివారము, ఎన్ని రాత్రులుందుము, ఏమి తెచ్చితిమి అని చెప్పి, చోటు చూపించుకొనెడివారు. కళ్ళమునకును గడ్డివామికిని దూరముగా, గాలివాటమునకు దిగువను పొయ్యి పెట్టుట. చెరువునకు ఎగువను పశువులను కట్టకుండుట. బయలుదేరునపుడు బూడిదపై నీరు చల్లి, పేడ ఎత్తి గట్టుప్రక్కను కుప్పవేయుట — ఇవి మాకు నియమములు. పుచ్చుకొన్న చోటును పుచ్చుకొన్నట్లే అప్పగింపవలెను. ఇట్లు చేసిన బండికి మరుసటియేడు ఆ యూర చోటు అడుగనక్కరలేదు.

ఇక మార్పిడి. దీనియందు కొలత ప్రాణము. మా యూర కోతల దినములలో కుంచెడు ఉప్పునకు కుంచెడు ధాన్యము వాడుక. ధాన్యము ప్రియమగు ఆషాఢ శ్రావణములలో అదే ధాన్యమునకు కుంచమున్నర ఉప్పు వచ్చెడిది. కుంచము కుంచమునకు సమమని పైకి తోచును గాని, కుంచెడు ఉప్పు కుంచెడు వడ్లకు ఇంచుమించు రెట్టింపు బరువుండును. వడ్లు దంచినచో కుంచమునకు అరకుంచము బియ్యము. కావున ఉప్పు తెచ్చినవాడు బరువును మోసి కొలతను అమ్ముచున్నాడు. దూరము పెరిగినకొలది ఉప్పు ప్రియమగుట వాని దురాశ కాదు. గాడిద వీపునకు కట్టవలసిన వెల.

మా వాకిటికి ఏటేట వచ్చు ఉప్పుల ముసలియవ్వ యొకతె యుండెడిది. మా నాయనమ్మగారు ధాన్యమును అంచువరకు కొట్టి కొలిచి యిచ్చి, ఉప్పును మాత్రము రాశిగా పోయుమనిరి ఒకసారి. ఆమె నవ్వి, “అమ్మగారూ, కుంచం మీదే, చెయ్యి మీదే. మీ గింజ ఎట్లా కొలిచినారో నా ఉప్పూ అట్లాగే కొలవండి. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. మళ్లీ యేడు మీ గుమ్మంలోకి రావాలి గదమ్మా” అనెను. మా నాయనమ్మగారు మారుపలుకక కుంచము తీసికొని రెండింటిని ఒకే తీరున అంచు కొట్టి కొలిచిరి. తరువాత చేటెడు నూకలు ఆమె కొంగున పోసిరి. అది మార్పిడి కాదు, మర్యాద. మార్పిడి వేరు, మర్యాద వేరు అని నాకు నాడే తెలిసినది. ఒకటి లెక్కతో నడచును. రెండవది లెక్కను బ్రతికించును.

ఇట్టి జీవనము దేనిని నమ్ముకొని నిలిచినది? మూడు వస్తువులను. ఒకటి, ఊరిబయట ఎవరిదియు కాని, అందరిదియునైన చోటు. రెండు, త్రాగుటకు నీరు. మూడు, వచ్చినవాడు మరల వచ్చునను నమ్మకము. ఈ మూడును చెడినపుడు ఎంత మితముగా బ్రతుకువాడైనను నిలువలేడు.

చెడుట ఎట్లు ఆరంభమైనదో చెప్పెదను. కృష్ణపై బెజవాడవద్ద ఆనకట్ట 1855లో పూర్తియైనది. కాలువలలో పడవలు నడచినవి. 1908లో బెజవాడనుండి గుడివాడ మీదుగా బందరునకు రైలుబండి వచ్చినది. ఇవి రైతునకు మేలుచేసినవి, సందేహము లేదు. కాని పడవయు రైలును మోసిన ఉప్పును మోయుటకు గాడిద అక్కరలేకపోయెను. ఉప్పుపై దొరతనమువారి సుంకము వేరే భారమయ్యెను. 1930లో దేశమంతట ఉప్పు వండి చట్టమును ధిక్కరించినపుడు ఈ తీరమును వెనుకబడలేదు. ఆ సుంకము 1947లోగాని తొలగలేదు. వీనికంటె పెద్ద దెబ్బ మరియొకటి. 1871లో ఆంగ్ల ప్రభుత్వము కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా నెంచు చట్టము చేసెను. 1911 నాటి సవరణతో అది మద్రాసు రాజధానికిని వచ్చెను. ఎరుకలవారు ఆ పట్టికలో చేరిరి. ఊరు కదలుటకు అనుమతి, ఠాణాలో హాజరు వారికి విధియయ్యెను. బాపట్ల సమీపమున స్టూవర్టుపురమువంటి నివేశనములు అట్లు పుట్టినవే. సంచారమే వృత్తియైనవానికి సంచారమునే నేరముగా చేసినపుడు వాడేమి తిని బ్రతుకవలెను? స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయినది. చట్టము కాగితమునుండి తొలగినంత త్వరగా అనుమానము మన మనస్సులనుండి తొలగలేదు. ఊర ఒక చెంబు కనబడనిచో గట్టుమీది గుడారమువైపే మొదట చూచు అలవాటు ఇంకను మిగిలియున్నది.

ఉప్పుగాడిదలు వెళ్లిపోయినవి, బాటసారి వెళ్లిపోలేదు. వరికోతలు కాగానే మెట్టప్రాంతములనుండి గొర్రెల మందలు నేటికిని మన మాగాణులకు దిగుచున్నవి. చేనిలో రాత్రి మందనుంచిన రైతునకు ఎరువు. కాపరికి ధాన్యమో రొక్కమో. బాతులవారు కోసిన పొలములలో వందలకొలది బాతులను త్రిప్పుదురు. రాలిన గింజయు, నత్తయు, పురుగును బాతునకు మేత, పొలమునకు శుద్ధి. చీకటితో దడిలో పెట్టిన గ్రుడ్లు కాపరికి వెల. ఇచ్చట కూడ పాతసూత్రమే చూడుడు: ఒకరు పారవేసినది మరియొకరికి జీవనము, ఇరువురిలో ఎవరికిని నష్టము లేదు.

అయితే వారికి దిగుటకు చోటేది? మా చిన్ననాట మేము బండి విప్పిన గట్టులలో కొన్నింటిని నేను ఈ మధ్య మరల చూచితిని. ఒకచోట చేపలచెరువు, దాని గట్టుపై ముండ్లకంచె. మరియొకచోట ఇండ్లస్థలములు. ఇంకొకచోట చెరువు ఉన్నది గాని నీరు చేపలమేతతో చెడినది, పశువును త్రాగదు. నలుబదేండ్లుగా గుడివాడ, కైకలూరు వైపుల వరిచేలు చేపలచెరువులగుట మీరెరిగినదే. సొంతభూమిని రైతు తన యిష్టము చొప్పున వాడుకొనుట వేరు. పోరంబోకును, మందబయలును, చెరువుగట్టును ఒకరిద్దరు కలుపుకొనుట వేరు. 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఒక పంజాబు గ్రామపు చెరువు వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, గ్రామముల ఉమ్మడి భూములపై ఆక్రమణలను తొలగించి తిరిగి గ్రామమునకు అప్పగింపవలెనని అన్ని రాష్ట్రములకును ఆదేశించినది. కావున ఈ విషయమున పెద్దలకు చట్టము అడ్డు కాదు, తోడు.

దీనిలో మన స్వార్థము కూడ కలదని చెప్పుటకు వెనుదీయను. మంద దిగని ఊరిలో చేనికి ఎరువు కొనవలెను. బాతు తిరుగని చేలలో పురుగుమందునకు రొక్కము పెట్టవలెను. మాఘపూర్ణిమకు హంసలదీవి సాగరసంగమమునకు పోవు మన బండ్లు, మన మోటారులు ఏ యూరి గట్టున ఆగవలెను? నేడు ఇతరులకు మూసిన బాట రేపు మనకును మూసియుండును.

మరియొక సంగతి, అన్నింటికంటె ముఖ్యమైనది. మన తీరమున 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెన బందరును ముంచి సుమారు 30,000 మందిని బలిగొన్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో చనిపోయినవారు వేలకొలది. ఆ పిమ్మట తీరగ్రామములలో తుపాను ఆశ్రయభవనములు కట్టిరి. హెచ్చరికలు ముందుగా వచ్చుచున్నవి. నేడు గుడారములోనివానికి చేతిఫోనును ఉండవచ్చును. అయినను ఏ భవనము ఎచ్చట నున్నదో, ఏ దారి ముందు మునుగునో పరదేశికి తెలియదు. ఊరి జాబితాలో వాని పేరు లేదు. పిలువనిదే లోనికి పోవుటకు వానికి ధైర్యము చాలదు. ఇంటివాడు మేడ యెక్కును. గుడారమువాడు ఏమి యెక్కును?

కావున పెద్దలారా, నాలుగు పనులను మీ ముందుంచుచున్నాను. ఒకటి: మీ గ్రామమున బాటసారులు దిగుటకు పూర్వమున్న చోటు ఏదో ముసలివారి నడిగి తెలిసికొని, కొలిపించి, పంచాయతీ పుస్తకమున వ్రాయించి, నాలుగు హద్దురాళ్లు పాతింపుడు. అర ఎకరమైనను చాలును. రెండు: అచ్చటికి ఒక మంచినీటి కుళాయినో, పంపునో ఏర్పరుపుడు. మూడు: దిగినవారు తమ సంఖ్యను, ఉండు దినములను చెప్పు పాత ఆచారమును నిలుపుడు, అది అనుమానమునకు కాదు, రక్షణకు. ఊర వస్తువు పోయినచో గుడారమును సోదా చేయుటకు ముందు, ఇంటిలో చేయు విచారణ ఎట్టిదో అట్టిదే అచ్చటను చేయుడు. కుంచము ఒక్కటే కావలెను, అంచు ఒకే తీరున కొట్టవలెను. నాలుగు: తుపాను చాటింపు వేయునపుడు చివరి యిల్లు దాటి గట్టువరకు ఒక మనిషిని పంపుడు, వాడు వారిని వెంటబెట్టుకొని భవనమునకు తీసికొనివచ్చినగాని చాటింపు పూర్తియైనట్లు లెక్కింపకుడు.

ఈ నాలుగింటిలో మొదటిదానికి మాత్రమే కొంత తగవు రాగలదు. ఆక్రమించినవాడు మన బంధువే కావచ్చును. తక్కిన మూడింటికి కావలసినది రొక్కము కాదు, పెద్దరికము.

మితముగా బ్రతుకుట బాటసారి ధర్మము. దానిని వాడు మనకంటె బాగుగా ఎరుగును. మూడు రాళ్లు, ఒక కుండ, రాత్రికి చోటు — వాడు కోరునది ఇంతియే. రాళ్లు వాడు వెదకికొనును, కుండ వాడు తెచ్చుకొనును. చోటు మాత్రము మనము చూపవలసినది. వచ్చు సంక్రాంతి తరువాత మందలు దిగునాటికి, మీ గ్రామసభలో ఈ మాట ఒకసారి ఎత్తుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.